నివేదికలో లైన్ చార్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రోగ్రాము తనంతట తానే తయారుచేసే నివేదికలలో పట్టికల పక్కన లైన్ చార్టును చేర్చడం గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాము. ఎక్కువమంది పైథాన్ వాడుతున్నందువల్ల జవాబులు కూడా చాలావరకు ఆ భాషలోని లైబ్రరీల (ముందే రాసిపెట్టిన కోడు సంకలనాల) గురించే ఉన్నాయి. ఆదేశాల పేర్లను పలికే తీరులో తెలుగులో ఇచ్చాము. కోడులో వాటిని ఆంగ్ల అక్షరాలతో, ఆయా లైబ్రరీ పద్ధతి ప్రకారం రాసుకోవాలి.

ప్రశ్న: మాది పాల సేకరణ కేంద్రాల సంఘం. నెల చివర ప్రతి కేంద్రానికీ రిపోర్ట్‌ల్యాబ్ అనే పైథాన్ లైబ్రరీతో పీడీఎఫ్ నివేదిక తయారుచేసి పంపుతున్నాను. రోజువారీ పట్టిక బాగానే వస్తోంది. దాని కింద ఉదయం పాలలోనూ సాయంత్రం పాలలోనూ వెన్న శాతం నెల పొడవునా ఎలా మారిందో చూపే గ్రాఫు పెట్టమని మా కార్యదర్శి అడుగుతున్నారు. ఇందుకు వేరే లైబ్రరీ నేర్చుకోవాలా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

అక్కరలేదు. రిపోర్ట్‌ల్యాబ్‌లోనే గ్రాఫిక్స్ అనే విభాగం ఉంది. పట్టిక కోసం మీరు పెట్టుకున్న ప్యాకేజీతోపాటే అది మీ కంప్యూటరులోకి వచ్చేసింది. అందులో మీకు కావలసినవి రెండే వస్తువులు. ఒకటి డ్రాయింగ్, అంటే బొమ్మ గీసుకునే కాగితం ముక్క. రెండవది ఆ ముక్క మీద కూర్చునే హారిజాంటల్ లైన్ చార్ట్. వెడల్పూ ఎత్తూ చెప్పి డ్రాయింగ్‌ను సృష్టించి, చార్టును దానిలో చేర్చి, మీరు పేరాలనూ పట్టికనూ ఏ జాబితాలో వరుసగా పేర్చుతున్నారో అదే జాబితాలో డ్రాయింగ్‌ను కూడా పేర్చితే సరిపోతుంది. పేరా ఎలాగైతే పేజీలో తన చోటు తాను చూసుకుంటుందో డ్రాయింగ్ కూడా అలాగే చూసుకుంటుంది. బొమ్మను విడిగా ఫైలులో దాచి మళ్లీ తెచ్చి అతికించే అవసరం లేదు. గీతలు గీతలుగానే పీడీఎఫ్‌లోకి వెళతాయి కాబట్టి ఎంత పెద్దది చేసి చూసినా మసకబారవు.

కొలతల దగ్గర మాత్రం మొదటిసారి దాదాపు అందరూ తడబడతారు. రిపోర్ట్‌ల్యాబ్‌లో కొలతలన్నీ పాయింట్లలో ఉంటాయి. అంగుళానికి 72 పాయింట్లు. ఏ4 కాగితం వెడల్పు సుమారు 595 పాయింట్లు. మామూలుగా ఇరువైపులా అంగుళం చొప్పున అంచు పోగా 451 మిగులుతాయి, చట్రం తన లోపల ఇరువైపులా మరో ఆరేసి పాయింట్లు వదులుతుంది కనుక మీ చేతికి వచ్చేది 439. డ్రాయింగ్ వెడల్పు 430, ఎత్తు 200 అనుకోండి. చార్టుకు కూడా అవే కొలతలు ఇస్తే అంకెలు కాగితం ముక్క దాటి బయట పడతాయి, ఎందుకంటే చార్టుకు మనం చెప్పే వెడల్పు, ఎత్తు గీతలు గీసే చోటుకు మాత్రమే వర్తిస్తాయి. అక్షాల మీది అంకెలూ తేదీలూ దాని వెలుపల పడతాయి. డ్రాయింగ్ వాటిని కత్తిరించదు, పైనున్న పట్టిక మీదో కిందున్న పేరా మీదో పడనిస్తుంది. అందువల్ల చార్టుకు ఎడమ నుంచి 40, కింది నుంచి 40 పాయింట్లు వదిలి, వెడల్పు 370, ఎత్తు 140 ఇవ్వండి. కింది నుంచి అన్నది గుర్తుంచుకోవాలి: ఇక్కడ లెక్క మొదలయ్యేది ఎడమ కింది మూల నుంచే గాని, తెర మీద బొమ్మలు గీసేవారికి అలవాటైన ఎడమ పై మూల నుంచి కాదు.

సమాచారాన్ని వరుసల జాబితాగా ఇవ్వాలి: ఉదయం విలువలన్నీ ఒక వరుస, సాయంత్రం విలువలన్నీ మరొక వరుస. తేదీలను కేటగిరీ యాక్సిస్‌లోని కేటగిరీ నేమ్స్‌కు ఇవ్వాలి. 31 తేదీలనూ రాస్తే కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి కనుక 1, 5, 10, 15 ఇలా కొన్నిటిని మాత్రమే రాసి, మిగిలిన చోట్ల ఖాళీ పదం ఇవ్వడం తేలిక. అక్షరాలను ఏటవాలుగా తిప్పే ఏర్పాటు కూడా ఉంది గాని, తల వంచుకుని చదవవలసిన గ్రాఫు నాకు నచ్చదు.

ఇక నిలువు అక్షం. వాల్యూ యాక్సిస్‌కు కనిష్ఠం, గరిష్ఠం, మెట్టు అనే మూడు విలువలు ఉంటాయి. మీరు ఇవ్వకపోతే లైబ్రరీయే వచ్చిన సమాచారాన్ని చూసి నిర్ణయించుకుంటుంది, మీలాంటి నివేదికలో ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఒక కేంద్రంలో వెన్న నెలంతా 6.2కీ 6.5కీ మధ్య ఆడిందనుకోండి, ఆ చిన్న తేడాయే పేజీ ఎత్తంతా సాగి కొండలూ లోయలుగా కనిపిస్తుంది. పక్క కేంద్రంలో 5.4 నుంచి 8 దాకా ఊగినా అంతే ఎత్తు కొండలు కనిపిస్తాయి. రెండు నివేదికలను పక్కపక్కన పెట్టుకున్న కార్యదర్శికి రెండు కేంద్రాలూ ఒకటేనని తోస్తుంది. చేత్తో గ్రాఫు గీసే మనిషి ఇలాంటిది చూసి సర్దుకుంటాడు. నెల చివర రాత్రి తనంతట తాను నడిచే ప్రోగ్రాముకు చూసేవారెవరూ ఉండరు. గేదె పాలయితే 5 నుంచి 9, మెట్టు 1 అని అన్ని కేంద్రాలకూ ఒకే కొలబద్దను కోడులోనే బిగించండి. బిగించాక మరొక జాగ్రత్త కూడా అవసరం: ఎవరో 6.8 బదులు 68 అని నమోదు చేస్తే గీత గరిష్ఠాన్ని దాటి, చార్టును దాటి, పట్టిక మీదుగా పైకి పోతుంది. గీయడానికి ముందే హద్దులు దాటిన విలువలను పట్టుకుని, వాటిని వదిలేసి, నివేదికలో కింద ఒక వాక్యంగా రాయించండి.

కేంద్రం మూసిన రోజు మాటేమిటి? హారిజాంటల్ లైన్ చార్ట్ తేదీలను తేదీలుగా అర్థం చేసుకోదు. వచ్చిన వరుసలో సమాన దూరంలో పేర్చుతుంది. డేటాబేసులో 14వ తేదీ వరుస లేకపోతే 13 పక్కనే 15 వచ్చి కూర్చుంటుంది, మధ్యలో రోజు ఒకటి మాయమైనట్టు ఎవరికీ తెలియదు. కాబట్టి ముందు నెలలోని తేదీలన్నిటితో ఒక జాబితా తయారుచేసి, విలువ లేని తేదీకి నన్ అనే ఖాళీ గుర్తును పెట్టాలి. సున్నా పెట్టకూడదు, సున్నా శాతం వెన్న అంటే నీళ్లు పోశారని అర్థం. నన్ ఇచ్చిన చోట లైబ్రరీ ఆ చుక్కను వదిలేస్తుంది గాని ఇరుపక్కల చుక్కలనూ గీతతో కలిపేస్తుంది. అందువల్ల మేక్ మార్కర్‌తో ప్రతి విలువ దగ్గరా నిండు చుక్క పెట్టించండి. చుక్క లేని రోజు గీత కేవలం వంతెన అని చదివేవారికి అర్థమవుతుంది.

రెండు గీతలకు రెండు రంగులు ఇవ్వడంతోపాటు సాయంత్రం గీతను తెగుతూ సాగే గీతగా పెట్టండి. మీ నివేదికలు గ్రామాలలో జిరాక్సు తీసి గోడకు అంటించేవి అయితే ఎరుపూ నీలమూ రెండూ ఒకే బూడిద రంగులోకి దిగిపోతాయి. శీర్షికనూ డ్రాయింగ్‌నూ కీప్ టుగెదర్ అనే వస్తువులో కలిపి ఉంచితే, శీర్షిక ఒక పేజీ అడుగునా బొమ్మ మరొక పేజీ మొదటా పడకుండా ఉంటాయి.

ప్రశ్న: నాగార్జునసాగర్ నీటిమట్టాన్ని రోజూ ఒక పేజీ నివేదికగా తయారుచేస్తున్నాను. మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే గ్రాఫుల లైబ్రరీతో గీస్తే కొన్ని రోజులు గీత నిటారుగా లేచినట్టు, కొన్ని రోజులు పడిపోయినట్టు కనిపిస్తోంది, నిజానికి మార్పు అర అడుగు కూడా లేదు. అక్షాన్ని సున్నా నుంచి మొదలుపెడితే గీత తాడులా చదునుగా ఉంది. ఏది సరి? (ఒక పాఠకురాలు, నల్లగొండ)

రెండూ కాదు. గ్రాఫు సున్నా నుంచే మొదలు కావాలన్న నియమం నిలువు పట్టీల చార్టుకు చెందినది. అక్కడ పట్టీ పొడవే విలువ కనుక అడుగు కోస్తే అబద్ధం అవుతుంది. లైన్ చార్టులో మనం చదివేది గీత వాలును, ఉన్న చోటును. కాబట్టి అక్షం ఎక్కడ మొదలు కావాలన్నది ఆ వస్తువు స్వభావాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కనీస నీటిమట్టం 510 అడుగులు. సున్నా నుంచి 500 దాకా ఉన్న చోటు మీ నివేదికలో దాదాపు ఎన్నటికీ వాడుకలోకి రాదు. సెట్ వైలిమ్ అనే ఆదేశంతో అక్షాన్ని 500 నుంచి 595 వరకు బిగించి, 590 దగ్గర ఒకటి, 510 దగ్గర ఒకటి సన్నని అడ్డగీతలు ఏఎక్స్‌హెచ్‌లైన్‌తో వేయండి. అప్పుడు గీత ఆ రెండింటి మధ్య ఎక్కడ ఉందో చూడగానే తెలుస్తుంది, అర అడుగు మార్పు అర అడుగులాగానే కనిపిస్తుంది. అక్షాన్ని బిగించకపోతే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఆ వారం విలువలకు పైనా కిందా ఐదేసి శాతం చోటు మాత్రం వదిలి మిగిలినదంతా గీతతో నింపుతుంది; మీరు చూసిన ఎగుడుదిగుళ్లు అక్కడి నుంచే వచ్చాయి.

మీరు అడగకపోయినా ఒక మాట. ఇలాంటి నివేదికలలో మట్టాన్ని అడుగుల్లోనూ నిల్వను టీఎంసీల్లోనూ ఒకే బొమ్మలో, ఎడమ అక్షం ఒకటి, కుడి అక్షం ఒకటిగా చూపడం నేను తరచుగా చూస్తున్నాను. ట్విన్‌ఎక్స్ అనే ఆదేశం ఉంది కనుక చేయడం సులభమే. కానీ జలాశయం పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. పై అడుగులో పట్టే నీరు కింది అడుగులో పట్టదు. సాగర్‌లో 510 అడుగుల దగ్గర నిల్వ సుమారు 131 టీఎంసీలు, 590 దగ్గర 312 టీఎంసీలు. రెండు గీతలూ ఎక్కడ కలుసుకుంటాయి, ఎక్కడ విడిపోతాయి అన్నది మీరు కుడి అక్షానికి ఏ హద్దులు ఇచ్చారన్న దాని మీదే ఆధారపడుతుంది, అయినా చదివేవారు ఆ కలయికలో ఏదో అర్థాన్ని వెతుకుతారు. ఒకే తేదీల అక్షాన్ని పంచుకునే రెండు బొమ్మలను ఒకదాని కింద ఒకటి పెట్టండి. సబ్‌ప్లాట్స్ ఆదేశానికి రెండు వరుసలు, షేర్‌ఎక్స్ నిజం అని చెబితే ఆ పని అయిపోతుంది.

ప్రశ్న: సీఎస్‌వీ (కామాలతో విడదీసిన విలువల) ఫైలు నుంచి విలువలు చదివి గీస్తే, సమాచారం ఏదైనా గీత మాత్రం కింది మూల నుంచి పై మూలకు దాదాపు నేరుగా ఎక్కుతోంది. నిలువు అక్షం మీద అంకెలు కూడా క్రమంలో లేవు. లైబ్రరీలో లోపమా? (ఒక విద్యార్థి, అనంతపురం)

లోపం లైబ్రరీది కాదు. మీ అంకెలు అంకెలుగా చేరలేదు, అక్షరాలుగా చేరాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు పదాలు ఇస్తే వాటిని వర్గాల పేర్లుగా భావించి, వచ్చిన క్రమంలో సున్నా, ఒకటి, రెండు అని మెట్లు కేటాయిస్తుంది. 6.4, 6.1, 6.8, 6.1 అన్న నాలుగు పదాలు ఇచ్చారనుకోండి. 6.4 అట్టడుగు మెట్టు మీద, 6.1 దాని పైన, 6.8 ఆ పైన కూర్చుంటాయి. నాలుగవది మళ్లీ 6.1 కనుక రెండవ మెట్టుకు దిగుతుంది. విలువలన్నీ వేరువేరుగా ఉంటే ప్రతిదీ కొత్త మెట్టే, అందుకే మీ గీత నిచ్చెన ఎక్కుతోంది. అక్షం మీద అంకెలు క్రమం తప్పడమే దీనికి ఆనవాలు.

కారణం సాధారణంగా ఒక్క గడి. ఆదివారం దగ్గర ఎవరో "సెలవు" అని రాసి ఉంటారు, లేదా విలువ లేనిచోట చిన్న అడ్డగీత పెట్టి ఉంటారు. ఆ ఒక్క గడి వల్ల, పట్టికల సమాచారాన్ని చదివే పాండాస్ లైబ్రరీ ఆ నిలువు వరుస మొత్తాన్నీ అక్షరాలుగా దాచుకుంటుంది. వేలల్లో ఉన్న సంఖ్యలలో కామాలు ఉన్నా అంతే జరుగుతుంది. ఫైలు చదివేటప్పుడే థౌజండ్స్ అన్న చోట కామా అని చెప్పాలి. మిగిలినదానికి టు న్యూమెరిక్ ఆదేశాన్ని కోయర్స్ అన్న ఎంపికతో వాడితే, అంకె కానిదల్లా "నాన్" అనే ఖాళీ విలువగా మారుతుంది, అక్కడ మ్యాట్‌ప్లాట్‌లిబ్ గీతను తెంచుతుంది. (రిపోర్ట్‌ల్యాబ్ విషయంలో పైన చెప్పిన నన్ వేరు, ఈ నాన్ వేరు, అక్కడ గీత కలుస్తుంది, ఇక్కడ తెగుతుంది.) ఎన్ని గడులు అలా మారాయో లెక్కపెట్టి నివేదికలో చూపించడం మరవకండి, లేకపోతే కోయర్స్ అన్నది చెత్తను చాప కింద తోసినట్టే అవుతుంది.

తేదీలను కూడా ఒకసారి చూసుకోండి. 3-4-2024 అంటే మనకు ఏప్రిల్ మూడు. పాండాస్ దానిని ఏమీ చెప్పకపోతే మార్చి నాలుగుగా చదువుతుంది. టు డేట్‌టైమ్‌కు రోజు, నెల, సంవత్సరం అన్న రూపాన్ని మీరే స్పష్టంగా ఇవ్వాలి. ఆపైన తేదీల క్రమంలో అమర్చాకే గీయాలి, లేకపోతే గీత వెనక్కి మళ్లి తనను తానే దాటుకుంటుంది.

ప్రశ్న: గ్రాఫు శీర్షికనూ గీతల పేర్లనూ తెలుగులో పెట్టాలని చూస్తున్నాను. మొదట నల్లని చదరాలు వచ్చాయి. తెలుగు ఫాంటు చేర్చాక అక్షరాలు వచ్చాయి గాని ఒత్తులు విడిపోయాయి; "కృష్ణా" అన్న పేరు చదవలేని విధంగా వస్తోంది. (ఒక ఉపాధ్యాయుడు, మచిలీపట్నం)

మీ రెండు దశల వెనుక రెండు వేర్వేరు కారణాలు ఉన్నాయి. రిపోర్ట్‌ల్యాబ్ మామూలుగా వాడే హెల్వెటికాలో తెలుగు అక్షరాలు లేవు, లేని అక్షరానికి చదరం వస్తుంది. అది ఫాంటు నమోదు చేయగానే తీరింది. రెండవది లిపికి సంబంధించినది. కంప్యూటరులో "కృష్ణా" అన్న మాట ఆరు సంకేతాలుగా నిల్వ ఉంటుంది: క, వట్రుసుడి, ష, పొల్లు, ణ, దీర్ఘం. పొల్లును చూసి ణ అనేది ష కింద ఒత్తుగా దిగాలనీ, దీర్ఘం ఒత్తుకు కాక పైనున్న ష తలకు అంటుకోవాలనీ ఎవరో ఒకరు తేల్చాలి. ఫాంటులో ఆ రూపాలూ నియమాలూ ఉంటాయి; వాటిని చదివి అమలుచేసే పనిని షేపింగ్ అంటారు, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేసేది అదే. ఆ దశ లేకుండా సంకేతానికి ఒక రూపం చొప్పున వరుసగా అచ్చువేస్తే ఇంగ్లీషు బాగానే వస్తుంది, తెలుగు మాత్రం మీరు చూసినట్టు పొల్లుతో ష, పక్కన నిండు ణ, ఎటూ కాని దీర్ఘంగా విడిపోతుంది. రిపోర్ట్‌ల్యాబ్ చార్టు లేబుళ్లూ మ్యాట్‌ప్లాట్‌లిబ్ సాధారణ మార్గమూ చాలాకాలంగా ఇలా వరుసగా పేర్చే పద్ధతి మీదే నడిచాయి. కాబట్టి ఎన్ని ఫాంటులు మార్చినా ఫలితం ఉండదు. ఈ విషయం తెలియక వారం రోజులు ఫాంటుల వేటలో పడినవారిలో నేనూ ఒకడిని.

నేను ఇప్పుడు అనుసరించే మార్గం ఇది. నివేదికను హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి, వీజీప్రింట్‌తో పీడీఎఫ్‌గా మార్చుతాను. వీజీప్రింట్ అక్షరాల కోసం పాంగో అనే అక్షరాల అమరిక లైబ్రరీ మీద ఆధారపడుతుంది, పాంగో హార్ఫ్‌బజ్‌ను వాడుతుంది కనుక ఒత్తులు చక్కగా కూర్చుంటాయి. గ్రాఫులో గీతలూ అంకెలూ మాత్రమే ఉంచి, శీర్షికనూ గీతల వివరాన్నీ గ్రాఫు వెలుపల మామూలు హెచ్‌టీఎంఎల్ వాక్యాలుగా రాస్తాను. గ్రాఫు లోపల కూడా తెలుగు ఉండి తీరాలంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్ నుంచి ఎస్‌వీజీగా (గీతలను గీతలుగానే దాచే బొమ్మ ఫైలుగా) దాచుకోండి. దాచే ముందు ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ అన్న అమరికను "నన్" అని మార్చాలి, అప్పుడు అక్షరాలు ఆకారాలుగా కరిగిపోకుండా అక్షరాలుగానే మిగులుతాయి, వాటిని తీర్చిదిద్దే పని తరువాత తెరిచే ప్రోగ్రాముకు చేరుతుంది. అయితే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఆ మాట వెడల్పును తన పాత లెక్కతోనే కొలుస్తుంది కాబట్టి పక్కన కాస్త ఎక్కువ చోటు వదలాలి. సర్వరులో నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటు ఉండేలా చూసుకోండి. మీ ఇంటి విండోసులో ఉన్న గౌతమి లినక్సు సర్వరులో ఉండదు.

ప్రశ్న: అమ్మకాల నివేదికను ఎక్సెల్ ఫైలుగానే ఇవ్వమంటున్నారు. ఓపెన్‌పైఎక్సెల్ లైబ్రరీతో లైన్ చార్టు చేర్చాను. గీత వచ్చింది, అక్షాల మీద అంకెలే లేవు. పైగా మొత్తాలు కోట్లలో ఉన్నాయి, కామాలు మన పద్ధతిలో పడటం లేదు. (ఒక గణాంక ఉద్యోగి, విశాఖపట్నం)

అక్షాలు మాయం కావడం 3.1 వెర్షను నుంచి చాలామందికి ఎదురవుతున్నదే. చార్టులోని ఎక్స్ యాక్సిస్‌కూ వై యాక్సిస్‌కూ డిలీట్ అనే లక్షణం ఉంది. రెండింటిలోనూ దానిని ఫాల్స్ అని స్పష్టంగా రాయండి, అంకెలు తిరిగి వస్తాయి.

ఇదే లైబ్రరీలో మరొక పొరపాటు సులభంగా దొర్లుతుంది. విలువలను చూపే రిఫరెన్సులో (గడుల పరిధిలో) శీర్షిక గడిని కూడా కలిపి, టైటిల్స్ ఫ్రమ్ డేటా నిజం అని చెబుతాము. నెలల పేర్లను చూపే రిఫరెన్సు మాత్రం శీర్షికను వదిలి రెండవ వరుస నుంచి మొదలు కావాలి. రెండూ మొదటి వరుస నుంచే మొదలుపెడితే ఏప్రిల్ అమ్మకం "నెల" అన్న పేరు మీద, మే అమ్మకం ఏప్రిల్ మీద పడి, చార్టు అంతా ఒక నెల జరుగుతుంది. గీత అందంగానే ఉంటుంది కనుక ఎవరూ పట్టుకోరు. మా పాత కార్యాలయంలో ఇలాంటి చార్టు రెండు త్రైమాసికాల పాటు సమావేశాలలో తిరిగింది, తప్పు బయటపడింది మొదటి నెల పేరు దగ్గర "నెల" అని ఉందేమిటని కొత్తగా చేరిన అమ్మాయి అడిగినప్పుడు.

కామాల విషయానికి వస్తే, ఎక్సెల్ అంకెల రూపంలో షరతులు పెట్టవచ్చు: కోటి, అంతకు మించిన సంఖ్యకు ఒక రూపం, లక్ష, అంతకు మించినదానికి మరొకటి, మిగిలినదానికి మూడవది, మధ్యలో సెమికోలన్లు. ఆ రూపాన్ని వై యాక్సిస్‌లోని నంబర్ ఫార్మాట్‌కు ఇవ్వండి. అయితే చార్టులో 2,35,00,000 అని చదివించేకంటే విలువలను ముందే కోటితో భాగించి అక్షం మీద 2.35 అనీ, శీర్షికలో "రూ. కోట్లలో" అనీ రాయడం కళ్లకు హాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడేవారికి కూడా నా సలహా అదే. అక్కడ పది లక్షలు దాటగానే అక్షం పైన ఒకటి, ఇ, ఆరు అని (పది లక్షల రెట్లు అని అర్థం) చిన్న గుర్తు ప్రత్యక్షమై, గుమాస్తాలను కంగారు పెడుతుంది.

విలువ లేని నెలకు గడిని నిజంగా ఖాళీగా వదలండి. సూత్రంతో ఖాళీ పదాన్ని రప్పిస్తే ఎక్సెల్ దానిని అక్షరంగా చూసి, గీతను సున్నాకు దింపుతుంది. మొత్తాలను సూత్రాలుగా కాక పైథాన్‌లోనే లెక్కకట్టి విలువలుగా రాయడం కూడా మంచిది. ఓపెన్‌పైఎక్సెల్ సూత్రాన్ని రాస్తుందే గాని లెక్కకట్టదు. ఎక్సెల్ తెరిస్తే లెక్క జరుగుతుంది గాని, ఫైలును ఫోనులో ప్రీవ్యూలో చూసే అధికారికి ఖాళీ చార్టు కనిపించవచ్చు.

ప్రశ్న: నా కంప్యూటరులో చక్కగా నడిచిన కోడు సర్వరులో రాత్రిపూట మూడు వందల నివేదికలు తయారుచేస్తూ మధ్యలో ఆగిపోతోంది. (ఒక పాఠకుడు, వరంగల్)

కంప్యూటరు మెమరీ నిండిపోవడమే ఎక్కువగా కారణం. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోని పైప్లాట్ ద్వారా సృష్టించిన ప్రతి బొమ్మా, మీరు మూసేదాకా, తెరిచే ఉంటుంది. ఇరవై దాటగానే మ్యాట్‌ప్లాట్‌లిబ్ హెచ్చరిక కూడా ఇస్తుంది, అది మీ లాగ్ ఫైలులో ఎక్కడో ఉండే ఉంటుంది. సేవ్‌ఫిగ్ అయిన వెంటనే అదే బొమ్మ పేరుతో క్లోజ్ పిలవండి. తెర లేని సర్వరులో నడుస్తోంది కాబట్టి ప్రోగ్రాము మొదట్లోనే బ్యాకెండును (బొమ్మ గీసే అంతర్గత విభాగాన్ని) ఆగ్ అని నిర్ణయించండి. బొమ్మలను డిస్కు మీద ఒకే పేరుతో దాచుతున్నట్లయితే మానుకుని, మెమరీలోనే ఉండే బైట్స్ఐఓలో దాచండి. రెండు పనులు ఒకేసారి నడిచిన రాత్రి ఒక కేంద్రం గ్రాఫు మరొక కేంద్రం నివేదికలోకి వెళ్లడానికి ఆ ఒక్క ఫైలు పేరు చాలు.

ప్రశ్న: మా దగ్గర జాస్పర్‌రిపోర్ట్స్ అనే నివేదికల సాధనం ఉంది. లైన్ చార్టును డీటెయిల్ బ్యాండులో పెడితే ప్రతి వరుసకూ ఒక చార్టు వస్తోంది, టైటిల్ బ్యాండులో పెడితే ఖాళీగా వస్తోంది. (ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్)

బ్యాండు అంటే నివేదికలోని ఒక అడ్డపట్టీ. డీటెయిల్ బ్యాండు ప్రతి రికార్డుకూ ఒకసారి అచ్చవుతుంది కనుక చార్టు అక్కడ ఉండకూడదు. టైటిల్ బ్యాండు అచ్చయ్యే సమయానికి రికార్డులింకా చదవలేదు కనుక చార్టు ఖాళీగా ఉంటుంది. చార్టును టైటిల్‌లోనే ఉంచి, దాని ఎవాల్యుయేషన్ టైమ్‌ను రిపోర్ట్ అని మార్చండి. అప్పుడు చోటు ముందే కేటాయించి, రికార్డులన్నీ చదివాక బొమ్మను నింపుతుంది. చివరి పేజీలో ఉన్నా ఫరవాలేదనుకుంటే సమ్మరీ బ్యాండులో పెట్టండి, అక్కడ ఏ మార్పూ అవసరం లేదు. ప్రాంతం వారీగా వేర్వేరు చార్టులు కావాలంటే గ్రూపు ఫుటరులో పెట్టి, డేటాసెట్ రీసెట్ టైపును గ్రూప్ అని ఇచ్చి, ఏ గ్రూపో కూడా చెప్పండి. అది మరిచిపోతే రెండవ ప్రాంతం చార్టులో మొదటి ప్రాంతం చుక్కలు కూడా కలిసి వస్తాయి.